మిక్చర్ పొట్లం మీద పచ్చ టిక్కు

ఆ రోజుల్లో నాకు ఇరవై మూడేళ్ళ వయసు, ఒక ఎమ్మెస్సీ పట్టా, ఒక వెబ్‌సైట్ ఉండేవి. సందేహం కూడా దండిగా ఉండేది గానీ అది లోకం మీదే తప్ప నా మీద నాకు ఉండేది కాదు. ఆ ఏడు మా నర్సీపట్నంలో జరిగిన సంగతిని మా బంధువులు ఇప్పటికీ పెళ్ళి పందిళ్ళలో తలా ఒక తీరున చెబుతుంటారు కనుక, ముందుగా తేలిన విషయాలనూ విన్న విషయాలనూ వేరుచేసి పెట్టడం అవసరం. నాకు పరువునష్టం నోటీసు వచ్చిన మాట నిజం. రిజిస్టర్డ్ పోస్టులో వచ్చిన ఆ కాగితం నా బీరువాలో, డిగ్రీ సర్టిఫికెట్ల కింద, నేటికీ భద్రంగా ఉంది. దానికి కారణం ఒక మిక్చర్ పొట్లం అన్నదీ నిజమే. మా వీధికి పోలీసు జీపు వచ్చిందన్నది మాత్రం వినికిడి (జీపు వచ్చిందట గానీ పక్క వీధికి, వేరే పని మీద). నేను దుకాణం మెట్ల మీద కూర్చుని భోరుమన్నానన్నది మా పిన్ని కల్పన. నేను ఏడ్చింది ఇంట్లో, అదీ చాలా కొద్దిగా.

అప్పట్లో నేను ఒక జూనియర్ కాలేజీ కెమిస్ట్రీ ల్యాబ్‌లో డెమాన్‌స్ట్రేటర్‌ని. సాయంత్రాలు ‘నలుగురి మాట’ అనే వెబ్‌సైట్ నడిపేదాన్ని. ఊళ్ళోని హోటళ్ళు, దుకాణాలు, టైలర్లు, ట్యూషన్లు, దేని గురించైనా ఎవరైనా తమ అనుభవాన్ని మారుపేరుతో అందులో రాయవచ్చు. మాకవరపాలెం నుంచీ, రోలుగుంట నుంచీ కూడా రాసేవారు. అంతటితో ఆగి ఉంటే ఈ కథే ఉండేది కాదు. ఎవరో అన్న మాటను తనిఖీ చేయకుండా పదిమందికి చూపించడం నా చదువుకే అవమానమని నాకు తోచింది. అందుచేత వీలైన ప్రతి మాటనూ స్వయంగా పరీక్షించి, నిజమని తేలితే దాని పక్కన ఒక పచ్చ టిక్కు పెట్టి, కింద ‘పరిశీలించడమైనది’ అని రాసేదాన్ని. ఒక టైలర్ గురించి ఎవరో ‘మంగళవారం ఇస్తానంటాడు గానీ ఏ మంగళవారమో చెప్పడు’ అని రాస్తే, నా జాకెట్టు గుడ్డ అతనికిచ్చి, వరుసగా మూడు మంగళవారాలు తిరిగి, నాలుగో మంగళవారం టిక్కు పెట్టాను. (జాకెట్టు అయిదో మంగళవారం వచ్చింది. బిగుతుగా ఉంది. ఆ సంగతి రుజువుకు అవసరం లేదు కనుక రాయలేదు.)

ఇలా ఉండగా ఒక రోజు ‘నిప్పులాంటి నిజం’ అనే మారుపేరుతో ఒకరు, సెంటర్‌లో ఉన్న మిక్చర్ బాబాయి దుకాణం గురించి రాశారు. ఊరంతా ఆయన్ని ఆ పేరుతోనే పిలుస్తుంది. ఆయన చేసే జీడిపప్పు మిక్చర్ లేనిదే మా ప్రాంతంలో ఆడపిల్ల సారె కదలదు. ఆ మిక్చర్ గురించి ఆ మహానుభావుడు రాసిన మాట ఇది: ‘పేరుకు స్పెషల్ జీడిపప్పు మిక్చర్. పావుకిలో పొట్లంలో జీడిపప్పు నాలుగంటే నాలుగు బద్దలు. తక్కినదంతా కారప్పూస, కరివేపాకు, కబుర్లు.’

మర్నాడే బాబాయి ఫోన్ చేశాడు. కోపంగా కాదు, పెద్దమనిషి తరహాలోనే మాట్లాడాడు.

“అమ్మా, నలుగురి మాట మేడమ్మేనా? నా మిక్చర్ మీద ఎవులో ఏటో రాసేడట, మా అల్లుడు సెల్లులో సూపించేడు. ఇన్నేళ్ళనుండి ఎయిస్తన్నాను, ఒక్కడూ ఇలాటి మాట అన్నేదు. బేగి తీసీ తల్లీ.”

“తీసేయడం ఎందుకండీ, పరీక్షిద్దాం. మీరు చెప్పేది నిజమైతే పరీక్షే మిమ్మల్ని కాపాడుతుంది,” అన్నాను.

“మిక్చర్‌కి పరీచ్చేటమ్మా? తింటే తెలీదా?”

సామాన్యులు శాస్త్రాన్ని ఎంత తేలికగా తీసిపారేస్తారో కదా అని నిట్టూర్చి ఫోన్ పెట్టేశాను. ఈ వ్యవహారం మొత్తంలో సరైన పరీక్షా పద్ధతిని సూచించినవాడు ఆయన ఒక్కడేనని నాకు అర్థం కావడానికి మూడు వారాలు పట్టింది.

ఆ సాయంత్రమే దుకాణానికి వెళ్ళి, నేనెవరో చెప్పకుండా, పావుకిలో పొట్లం ఒకటి కొన్నాను. ఇంట్లో నేనూ నాన్నే. అమ్మ అనకాపల్లిలో పెద్దమ్మగారింటికి వెళ్ళింది. నాన్న కట్టుడు పళ్ళ పై వరస విరిగి రిపేరుకు వెళ్ళడంతో ఆ వారమంతా ఆయనకు మెత్తగా పిసికిన పెరుగన్నమే, కనుక నాకు వంట బాధ కూడా తప్పింది. తీరికగా కంప్యూటర్ ముందు కూర్చుని, పరీక్ష ఎలా జరపాలో నాలుగు పేజీల ప్రణాళిక రాశాను. మిక్చర్‌లో ఏయే పదార్థాలు ఉంటాయో జాబితా వేయడానికి పొట్లం విప్పక తప్పింది కాదు. రాత పూర్తయ్యేసరికి నాన్న వరండాలోంచి వచ్చి, “ఏటే అంత ఇదిగా రాస్తన్నావు? డాక్టరేటా?” అని అడిగాడు. “దాదాపు అంతే,” అన్నాను. పొట్లానికి రబ్బరు బ్యాండు వేసి, మర్నాడు ల్యాబ్‌కు పట్టుకెళ్ళాను.

ల్యాబ్‌లో తెల్ల కాగితం పరిచి, పట్టకారుతో ఒక్కొక్క పలుకునూ విడదీశాను. కారప్పూస ఒక కుప్ప, బూందీ ఒక కుప్ప, వేరుశెనగ, అటుకులు, కరివేపాకు వేర్వేరు కుప్పలు. జీడిపప్పు కుప్ప అనడానికి వీల్లేకుండా ఉంది. మొత్తం మూడున్నర బద్దలు. (ఆ సగం ముక్క కూడా సందేహాస్పదమే. నిజాయితీ కొద్దీ దుకాణదారుకు అనుకూలంగా లెక్కించాను.) ఆ సాయంత్రం ఆ వ్యాఖ్య పక్కన పచ్చ టిక్కు పెట్టి, కుప్పల ఫోటో జతచేసి, కింద ఇలా రాశాను: ‘పరిశీలించడమైనది. వ్యాఖ్యాత ఉదారంగా నాలుగన్నారు. వాస్తవానికి మూడున్నర.’ ఆ చివరి మాట రాసినప్పుడు నాకు కలిగిన సంతృప్తి, చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ, పట్టా అందుకున్న రోజు కూడా కలగలేదు.

ఫోటో ఊరంతా తిరిగింది. వారం తిరక్కుండా నోటీసు వచ్చింది. అందులో ఇంగ్లీషు బరువుగా ఉంది గానీ భావం సులువే. నా రాత వల్ల తమ కక్షిదారు పరువు పోయింది. కోటవురట్లలో ఒక పెళ్ళివారు సారెకు చెప్పిన మిక్చర్ వద్దనుకుంటున్నారు. పదిహేను రోజుల్లో రాతను తొలగించి బహిరంగంగా క్షమాపణ చెప్పకపోతే సివిలు, క్రిమినలు కేసులు రెండూ వేస్తారు. నేను అదరలేదు, బెదరలేదు. నా దగ్గర ఫోటో ఉంది, లెక్క ఉంది. ‘ఉద్దేశం, పరికరాలు, పద్ధతి, పరిశీలనలు, ఫలితం’ అంటూ ల్యాబ్ రికార్డు తీరులో జవాబు రాసి, చివర ‘ఇందులో ఒక బద్ద వరకూ పొరపాటు ఉండవచ్చును’ అని చేర్చి, మా వకీలు అన్నయ్య దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన పెద్దమ్మ కొడుకు, మా ఊరి కోర్టులోనే ప్రాక్టీసు.

అన్నయ్య ఆ జవాబును మొదటినుంచి చివరిదాకా చదివి, కళ్ళజోడు తీసి, బల్ల మీద పెట్టాడు.

“ఇది ఎవరికైనా పంపేవేటే?”

“ఇంకా లేదు. బాగుందా?”

“చాలా బాగుంది. ఇది వాళ్ళ వకీలు చేతిలో పడితే ఇక ఆయనకి వేరే సాక్ష్యం అక్కర్లేదు. చూడు, నీ వెబ్‌సైటు ఒక గోడ. గోడ మీద ఎవడో బొగ్గుతో ఏదో రాసేడు. గోడ గలవాడు ‘అయ్యా, నాకు తెలీదు, తప్పయితే చెరిపేస్తాను’ అనొచ్చు, తప్పుకోడానికి దారుంటుంది. నువ్వేం చేసేవు? ఆ రాత పక్కన నిలబడి, ‘ఔను బాబూ, ఇది ముమ్మాటికీ నిజం, నేను లెక్కెట్టేను’ అని సంతకం పెట్టేవు. ఇప్పుడు మాట్లాడుతున్నది బొగ్గు కాదే, గోడ!”

“కానీ అది నిజమే కదా!”

“అదే నీ ఒక్క దారి. నిజమని రుజువు చెయ్యగలవా?”

నేను నవ్వాను. ప్రపంచంలో ఆ ప్రశ్న నన్ను కాక ఇంకెవరిని అడగాలి?

అన్నయ్య రెండు పక్షాల వకీళ్ళ మధ్యా మాట కుదిర్చి, ఒక ఆదివారం ఉదయం మమ్మల్ని దుకాణం వెనక గదిలో కూర్చోబెట్టాడు. నాన్న కూడా రిపేరై వచ్చిన పళ్ళు పెట్టుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, నాకు తోడు వచ్చాడు. బాబాయి మనిషి సగమై ఉన్నాడు. నా వైపు చూడకుండా అన్నయ్యతోనే మాట్లాడాడు.

“పెళ్ళి ఇంక పది రోజులుంది బాబూ. కోటవురట్లోళ్ళు ‘సారెలో మూడున్నర బద్దలు పంచితే రోలుగుంట వియ్యాలోరు మా పిల్లని జీవితమంతా దెప్పరా’ అంటన్నారు. వోళ్ళ తప్పు నేదు. ఆళ్ళు వొద్దంటే, రేపు ఇంకోళ్ళూ వొద్దంటారు. ఈ వయసులో నేను కొత్తగా పేరు ఏడ తెచ్చుకోను?” తరువాత నా వైపు తిరిగాడు. “అమ్మా, నువ్వే సదువుకున్నదానివి. ఆ అరలోంచి నీకిష్టమైన పొట్లాలు అయిదు తియ్యి.”

మధ్యలోంచి, అడుగునుంచి, మూలల నుంచి ఏరి అయిదు పొట్లాలు తీశాను. పళ్ళెంలో ఒక్కొక్కటే పోసి, అందరి ముందూ ఏరాను. మొదటి పొట్లంలోనే జీడిపప్పు నా గుప్పెట పట్టలేదు. రెండోదీ అంతే. మూడోదాని దగ్గర నా చేయి నెమ్మదించింది. అయిదోదాన్ని నేను పూర్తిగా లెక్కపెట్టలేదు. అయినా గొంతు సవరించుకుని, “నమూనాల మధ్య వ్యత్యాసం ఉండవచ్చు,” అన్నాను.

బాబాయి జాలిగా చూశాడు. “ఆ పొద్దు నువ్వు కొన్న పొట్లం తిన్నగా పరీచ్చకి అట్టుకెళ్ళేవా తల్లీ?”

“లేదు. రాత్రి ఇంట్లో ఉంది.”

“ఇప్పి ఉందా, కట్టి ఉందా?”

“విప్పే ఉంది. రబ్బరు బ్యాండు వేశాను,” అన్నాను.

“అదీ సంగతి! అమ్మా, మిక్చర్ పొట్లం ఇప్పేక, ఇంట్లో మనుషులుండగా, జీడిపప్పు తెల్లారిందాకా ఉండడం నువ్వెక్కడైనా సూసేవా? సొంత పిల్లలే సొంత అమ్మకి మిగల్చరు. ఆ రాసినోడింట్లో కూడా అదే అయుంటాది.”

కొలతలన్నీ సరిగ్గా చేసిన నేను, నమూనా కొట్టు నుంచి ల్యాబ్‌కు వచ్చేలోగా ఏమైందో ఒక్కసారి కూడా ఆలోచించలేదు. మొదటి సంవత్సరం పిల్లలు ఈ తప్పు చేస్తే నేను రికార్డు మీద ఎర్ర గీత గీసేదాన్ని. అంతలో నాన్న దగ్గాడు.

“నేనే తినీసేనండి,” అన్నాడు నేల వైపు చూస్తూ. “పిల్లకి తెలీదు. పొట్లం అక్కడుంది, సెయ్యి ఊరుకుందా? ఏదో ఒకటీ రెండూ అనుకున్నాను... తప్పు నాదే. పిల్లనేటీ అనకండి.”

బాబాయి ఒక్క క్షణం ఆయన్ని చూసి, పెద్దగా నవ్వేశాడు. “ఎంత మాటండీ పంతులు గారూ! నా మిక్చర్‌లో జీడిపప్పు ఉందని సెప్పిన మొదటి సాచ్చి మీరే!” అని పళ్ళెం ఆయన ముందుకు జరిపాడు. (మా నాన్న బడిపంతులు కాదు, టెలిఫోన్ ఆఫీసులో గుమాస్తాగా చేశాడు. ఆ పూట సరిదిద్దాలనిపించలేదు.)

ఆ సాయంత్రమే టిక్కు తీసేశాను. దాని చోటనే, అంతే పెద్ద అక్షరాలతో, ‘నా పరీక్ష తప్పు. పొట్లం ముందే విప్పి ఉంది. దుకాణంలో అందరి ఎదుట విప్పిన పొట్లాల్లో జీడిపప్పు నిండుగా ఉంది. యజమానికి నా క్షమాపణ’ అని రాశాను. రాత ఒక్కటే చాలదనిపించి, మర్నాడు కట్టిన పొట్లాలు పట్టుకుని బస్సెక్కి కోటవురట్ల వెళ్ళాను. పెళ్ళికూతురి నాయనమ్మ నన్ను ఎగాదిగా చూసి, “ఆ టిక్కు ఎట్టిన పిల్లవి నువ్వేనేటి?” అంది. పొట్లాలు తనే విప్పింది. తనే ఏరింది. చూసి, తిని, తల ఊపి, “ఔన్నే, బాగానే ఏసేడు. మరి నువ్వు సదువుకుని కూడా ఇలా సేసేవేటే?” అంది. దానికి నా దగ్గర ఫోటో గానీ, లెక్క గానీ లేవు. సారె మిక్చర్‌తోనే వెళ్ళింది. నోటీసు వెనక్కు తీసుకున్నారు. ‘నిప్పులాంటి నిజం’ కూడా వారం తరువాత, ‘మా ఇంట్లోనూ విచారణ జరుగుతున్నది, పిల్లలు నోరు విప్పడం లేదు’ అని రాసి, తన వ్యాఖ్యను తనే తొలగించుకున్నారు. బాబాయి దుకాణంలో ఒక బోర్డు వెలిసింది: ‘జీడిపప్పు ఇక్కడే చూసుకోవలెను. ఇంటికి వెళ్ళిన తరువాత మా పూచీ లేదు.’ అది ఇప్పటికీ ఉంది.

ఒక్క ప్రశ్న మాత్రం నేటికీ తేలలేదు. ఆ జీడిపప్పు ఎవరు తిన్నారు? నాన్న ఒప్పుకున్నాడు కదా అనవచ్చు. కానీ చాలా నెలల తరువాత పాత కాగితాలు సర్దుతుంటే, పళ్ళ డాక్టరుగారి చీటీ దొరికింది. పొట్లం కొన్న రోజుకీ, పళ్ళు తిరిగి వచ్చిన రోజుకీ మధ్య నాలుగు రోజుల తేడా ఉంది. అన్నమే పిసికి తినే మనిషి, గుప్పెడు వేయించిన జీడిపప్పు ఎలా నమిలాడు? అడిగితే నాన్న, “తేలిపోయిన కేసు మళ్ళీ తెరవకే,” అంటాడు. ఇంకొక సాక్ష్యం కూడా ఉంది. ఆ కంప్యూటర్‌ను అమ్మే ముందు కీబోర్డు బోర్లించి తట్టితే, కారప్పూస పొడీ, ఉప్పూ రాలాయి. నాలుగు పేజీల ప్రణాళిక రాస్తున్నప్పుడు నా కుడిచేయి ఏం చేస్తున్నదో నాకు తెలుసు. ఎడమచేయి సంగతి ఎంత ఆలోచించినా గుర్తు రావడం లేదు. పరీక్ష చేసే మనిషే నమూనాను పాడుచేసిన అనుమానం ఉన్నప్పుడు, ఆ విచారణ ఆ మనిషే జరపకూడదన్నది నియమం. నేను కాక ఇంకెవరూ అక్కడ లేరు. అందువల్ల ఈ ఒక్క విషయాన్ని టిక్కు లేకుండానే వదిలేశాను. ఇది రాస్తుండగా నా పక్కన బాబాయి కొట్లో కొన్న పొట్లం ఒకటి విప్పి ఉంది. మొదలుపెట్టేటప్పుడు పైన జీడిపప్పు బాగానే కనిపించింది. ఇప్పుడు కనిపించడం లేదు. ఇంట్లో ఇంకెవరూ లేరు.