ఊక గీత

మా జోన్ స్కూలు ఆటల మీటింగులో నేను లేచి నిలబడితే చాలు, వెనక బెంచీలోంచి ఎవరో ఒకరు "అయిపోయిందండీ, ఇవాళ భోజనాలు లేనట్టే" అనేవారు. అనరా మరి! నా నోరు ఊరుకునే నోరు కాదు. కొల్లేటి లంక ఊళ్లో హైస్కూలు పీఈటీని నేను. మా స్కూలుకి గ్రౌండంటూ లేదు, చేపల చెరువు గట్టే మా ట్రాకు. ఆ గట్టు మీద పిల్లల్ని పరిగెత్తించి, ఆటోలో కుక్కి, పోటీలకని తాడేపల్లిగూడెం తీసుకొస్తే అక్కడ ఏటా ఒకటే తంతు. గ్రౌండు గూడెం స్కూలుది. విజిలు గూడెం డ్రిల్లు మాస్టారిది. మలుపులో జెండా పట్టుకుని నిలబడేది ఆయన మనుషులు. ఇదేం అన్యాయమండీ అని అడిగితే వినేదీ ఆయనే! "గీత తొక్కిందండీ మీ అమ్మాయి" అనేవారు, ఎంతో మెత్తగా, నవ్వుతూ. ఆ మెత్తదనం చూస్తేనే నాకు ఒళ్లు మండిపోయేది.

ఆ ఏడాది మీటింగులో మాత్రం బల్ల గుద్దేశాను. "ఎవరి గొడవకి వాళ్లే తీర్పు చెప్పుకుంటే ఇంక మమ్మల్ని పిలవడం ఎందుకండీ? కప్పులు మీ బీరువాలోనే పెట్టేసుకోండి, మాకు ఆటో కిరాయైనా మిగులుతుంది!" అన్నాను. తణుకు నుంచి వచ్చిన మాస్టారు నాకు వంత పాడారు. ఇంకో ఇద్దరు ముగ్గురు తలూపారు. ఇక నేను ఆగలేదు. మలుపుల్లో బయటి స్కూళ్ల వాళ్లే నిలబడాలి. గొడవొస్తే బయటి పెద్దలు ముగ్గురు కూర్చుని వినాలి. గ్రౌండు ఎవరిదైతే వాళ్లు తమ పిల్లల తగువులో నోరెత్తడానికి వీల్లేదు, ఇంకో స్కూలు వాళ్లు చెబితేనే వినాలి. ఈ ఆఖరిది దగ్గరుండి పట్టుబట్టి పెట్టించాను. గూడెం మాస్టారు "సరేనండీ, అలాగే కానివ్వండి" అన్నారు. అబ్బ, ఆ రోజు బస్సులో ఇంటికొస్తుంటే నా కాళ్లు నేల మీద లేవంటే నమ్మండి!

నా హడావుడంతా ఒక పిల్ల కోసం. పదో తరగతి. వాళ్ల నాన్న చేపల చెరువుకి కాపలా. చెరువు మీద కొంగలు వాలితే అదిలించడానికి చిన్నప్పట్నుంచీ గట్టు చుట్టూ పరిగెత్తీ పరిగెత్తీ ఆ కాళ్లు అలా తయారయ్యాయి. రెండొందల మీటర్లు దాని పందెం. వరసగా రెండేళ్లు గూడెం అమ్మాయి వెనకే సెకండు వచ్చింది. ఫస్టు వచ్చినవాళ్లే ఏలూరులో జరిగే ఉమ్మడి జిల్లా పోటీలకి వెళ్తారు, సెకండుకి చప్పట్లే. పదయ్యాక ఇంక స్కూలు ఆటలుండవు కదా, ఇదే ఆఖరు. "ఈసారి ఏలూరు వెళ్లి తీరాలండీ మేడమ్" అని రోజుకోసారి నాకు చెప్పేది.

పోటీల రోజు పొద్దున్నే వాన. తడి నేల మీద సున్నం గీత నిలవదు. అలాంటప్పుడు గూడెంలో ఊకతో గీతలు వేస్తారు. చుట్టూ రైసు మిల్లులే కదా, ఊకకేం కొదవ! మేకు పాతి, తాడు లాగి, బురదలో ముందు గాడి గీస్తారు. ఆ గాడి వెంబడి బుట్టలతో ఊక పోసుకుంటూ పోతారు. బంగారు రంగు గీతలు ఎంత ముచ్చటగా కనిపిస్తాయో! అయితే మధ్యాహ్నానికి ఎండ కాసింది, ఊక ఎండింది, గాలి మొదలైంది. అది ఎవరూ పట్టించుకోలేదు. నేనూ పట్టించుకోలేదు.

మా పిల్ల రెండో లైనులో, గూడెం అమ్మాయి మూడో లైనులో. మలుపు మీద పందెం కాబట్టి మూడో లైను వాళ్లు కాస్త ముందు నిలబడతారు. విజిలు పడింది. ఇక చూడండీ! గూడెం అమ్మాయి మేకుల బూట్లు వేసుకుని దూసుకుపోతోంది, మా పిల్ల ఉత్త కాళ్లతో వెనకే తరుముతోంది. "పరిగెత్తవే! పరిగెత్తు!" అని నా గొంతు పగిలేలా అరుస్తున్నాను. చున్నీ జారి బురదలో పడినా తెలీలేదు. ఆఖర్లో మా పిల్ల అందుకోబోయింది, అందుకోబోయింది... అరచేయంత తేడాలో గూడెం అమ్మాయే రిబ్బను తాకింది.

నేను అక్కడే కూలబడ్డాను. అంతలో చూద్దును కదా, మలుపులో ఎర్ర జెండా! గూడెం అమ్మాయి మలుపులో లోపలి గీత తొక్కిందట. చెప్పింది ఎవరు? బయటి స్కూలు జడ్జి! నేను కొట్లాడి పెట్టించిన జడ్జి! మైకులో మా స్కూలు పేరు ఫస్టని చదివేశారు. ఎగిరి గంతేశాను. ఎవరెవర్ని కౌగిలించుకున్నానో నాకే తెలీదు.

మా పిల్ల మాత్రం గెంతలేదు. రొప్పుతూ వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"మేడమ్, ఆ అమ్మాయి గీత తొక్కలేదండీ."

"ఏంటే నీ గోల? జడ్జిగారు చూశారు కదా."

"జడ్జిగారు ఊక చూశారండీ. ఊక గాలికి అవతలికి జరిగిపోయింది. నేను వెనకే ఉన్నాను కదండీ, నా పక్కనే గాడి ఖాళీగా కనబడింది. ఆ అమ్మాయి గాడికి అవతలే పరిగెత్తింది."

నాకు తిక్క రేగిపోయింది. "పిచ్చిమొహమా! నీకు ఏలూరు వెళ్లాలని లేదా?"

"ఉందండీ." కళ్ల నిండా నీళ్లు.

"అయితే నోర్మూసుకుని కూర్చో."

కూర్చోలేదు. "గూడెం మాస్టారు చెబితే వినరు కదండీ. మీరే చెప్పాలి" అంది.

అటు చూశాను. కమిటీ బల్ల ముందు గూడెం మాస్టారు నిలబడి ఉన్నారు. ఏదో చెప్పబోతే పెద్దాయన ఒకరు చెయ్యి అడ్డం పెట్టి "మీరు మాట్లాడకూడదండీ, రూలు" అంటున్నారు. ఆ పక్కనే వాళ్ల అమ్మాయి నేల మీద కూర్చుని బూట్ల లేసులు విప్పుకుంటూ ఏడుస్తోంది. నా రూలు వచ్చి నా మెడకే చుట్టుకుంది! అక్కడున్నవాళ్లలో నిజం తెలిసీ, నోరు తెరవగలిగేదాన్ని నేనొక్కదాన్నే. ఆ పిల్ల నా చెయ్యి వదలదు. దాన్ని తిట్టుకుంటూ, గాలిని తిట్టుకుంటూ, గూడెం మిల్లులన్నిటినీ తిట్టుకుంటూ బల్ల దగ్గరికి నడిచాను.

"అభ్యంతరం ఉందండీ" అన్నాను.

"అదేంటండీ మేడమ్, ఫస్టు మీ అమ్మాయే కదా!" అని నవ్వారు పెద్దాయన.

"తెలుసండీ! దాని మీదే అభ్యంతరం! లేచి రండి!" అని అరిచాను.

ముగ్గురూ మలుపు దగ్గరికి వచ్చారు. పెద్దాయన గొంతుక్కూర్చుని చేత్తో ఊక పక్కకి నెట్టారు. కింద గాడి లేదు. ఇంకా లోపలికి, జానెడు దూరంలో ఉంది గాడి. మేకుల బూటు అచ్చులు వరసగా దానికి అవతలే పడి ఉన్నాయి, ఒక్కటంటే ఒక్కటి కూడా తొక్కలేదు. మైకులో మళ్లీ చదివారు. ఫస్టు గూడెం. మా పిల్లకి చప్పట్లు.

ఆటోలో భీమవరం దాకా బిగబట్టుకుని కూర్చుంది. తరవాత మొదలుపెట్టింది ఏడుపు. ఉండి ఊరు దాటినా ఆగలేదు. "చెప్పకుండా ఉండాల్సిందేమోనండీ" అంది వెక్కుతూ. "ఏమోనే, నన్నడక్కు" అన్నాను. నాకూ ఏడుపొచ్చేసింది. ఇద్దరం ఏడుస్తుంటే ఆటో అబ్బాయి పాటలు ఆపేశాడు.

ఆ పిల్ల ఏలూరు వెళ్లింది, ఇంటర్ చదువుకోడానికి. మరుసటేడు మీటింగులో నాకంటే ముందు గూడెం మాస్టారు లేచారు. "మలుపులో నిరుటి మీ అమ్మాయిని పిలిపించి నిలబెడదామండీ" అన్నారు.

"అది మా స్కూల్లో చదివిన పిల్లండీ. బయటివాళ్లే ఉండాలని రూలు కదా" అన్నాను నేనే.

"తెలుసండీ. అయినా మాకు ఆ అమ్మాయే కావాలి" అన్నారు. ఎవరూ కాదనలేదు.

ఆ ఏడాదీ వానే, ఊక గీతలే. పందెంలో మా కొత్త పిల్ల అందరికంటే ముందు వస్తోంది. నేను మామూలే, గొంతు చించుకుంటున్నాను. రిబ్బను తెంపింది! గెలిచేశాం! తిరిగి చూస్తే మలుపులో ఎర్ర జెండా లేచి ఉంది. పట్టుకున్నది మా పిల్లే.

పరిగెత్తుకెళ్లాను. "ఏమే, మతుండే ఎత్తావా? అది మన పిల్లే!"

అది గొంతుక్కూర్చుని చేత్తో ఊక పక్కకి తీసింది. "చూడండి మేడమ్" అంది. గాడికి లోపల, బురదలో, ఉత్త కాలి అచ్చు. అయిదు వేళ్లూ స్పష్టంగా పడ్డాయి.

దూరంగా గూడెం మాస్టారు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు. సెకండు వచ్చింది వాళ్ల అమ్మాయే, రూలు ప్రకారం ఆయన నోరెత్తకూడదు. నేనే బల్ల దగ్గరికి వెళ్లాను.

"గీత తొక్కిందండీ మా అమ్మాయి" అన్నాను.