వెండి కలిపిన జిగురు

ఆ ప్రయోగశాలలో అందరూ ఆమెను పళ్ళక్క అంటారు. దంతవైద్యులు పీకేసిన పళ్ళను కడిగి, తోమి, వాటి మీద వంకర పళ్ళు సరిచేసే క్లిప్పులు అతికించడం ఆమె పని. క్లిప్పుల చుట్టూ చేరే సూక్ష్మజీవులు పిల్లల పళ్ళను పాడుచేస్తాయి. ఆ సూక్ష్మజీవులను చంపడానికి క్లిప్పులు అతికించే జిగురులో కంటికి కనిపించనంత సన్నని వెండి రేణువులు కలిపి చూస్తున్నారు. రెండేళ్ళుగా అదే కుర్చీ, అదే పట్టకారు. మెడ పట్టేస్తే ఎడమచేత్తో నొక్కుకుంటూ కుడిచేత్తో అతికిస్తుంది. ఇంట్లో ఎవరు నవ్వినా ముందు పళ్ళే చూస్తుంది. "నా మొహం కూడా చూడమ్మా" అంటుంది కూతురు.

నిన్న చివరి విడత పరీక్ష. సూక్ష్మజీవులు చచ్చాయి. కానీ యంత్రంలో పెట్టి కాస్త లాగగానే నలభై పళ్ళలో పదకొండింటి క్లిప్పులు ఊడొచ్చాయి. పెద్దసారు కాగితం చూసి కళ్ళజోడు తీశాడు. "పళ్ళు సరిగ్గా ఆరలేదేమోనమ్మా. ఆ పదకొండూ లెక్కలోంచి తీసేద్దాం." ఆమె తలూపితే పని అయిపోయినట్టే. "ఆరబెట్టింది నేనే సార్. అన్నీ ఒకేలా ఆరాయి," అంది. "అయితే మళ్ళీ మొదటికొచ్చినట్టే, తెలుసుగా?" "తెలుసు సార్." ఆయన నిట్టూర్చి, ఆ పదకొండూ ఉంచే సంతకం పెట్టాడు. వెండి ఎక్కువై పట్టు తగ్గిందేమో, ఈసారి వెండి తగ్గించి కొత్త జిగురు కలపమన్నాడు. ఆమె బల్ల దగ్గరికొచ్చి కొత్త పళ్ళ సీసా తెరిచింది. "తలూపితే నీ సొమ్మేం పోయేది?" అంది పక్క బల్ల ఆవిడ. "రేపు ఏ పిల్లో అన్నంతోపాటు క్లిప్పు మింగేస్తుంది వదినా," అంటూ ఆమె మొదటి పన్ను బయటికి తీసింది. "మళ్ళీ మొదట్నుంచి అతికించే ఓపికుండి చెప్పాననుకున్నావా?"