పళ్లతో విన్న మిస్త్రీ

ఉట్నూర్‌లో నేను జీపు నడిపే రోజుల్లో గేరుబాక్సు మొరాయిస్తే మా మిస్త్రీ దగ్గరికే పోయేవాణ్ణి. బెల్లంపల్లి బొగ్గుబాయిలో తూటాలు పేల్చి పేల్చి ఆయన రెండు చెవులూ పోయాయి. ఇంజను నడుస్తుండగా పొడుగాటి స్క్రూడ్రైవర్ మొనను గేరుబాక్సుకు ఆనించి, పిడిని పళ్లతో కరిచి, కళ్లు మూసుకునేవాడు. ఆ అదురుతోనే లోపల ఏది అరిగిందో పోల్చేవాడు.

"చెవులు మోసం జేస్తయ్, పండ్లు చెయ్యయ్" అనేవాడు.

ఒక వానాకాలం, కాన్పు కష్టమైన ఆయన భార్యను ఆదిలాబాద్ దవాఖానకు తీసుకుపోతున్నాం. ఘాటురోడ్డు ఎక్కుతుంటే గేరు ఇరుక్కుపోయింది. వెనక సీట్లో ఆమె తల్లి ఒళ్లో తల పెట్టుకుని ఒకటే అరుపు. మిస్త్రీ నా పక్కనే వంగి, కాళ్లకింది రేకు లేపి, గేరుబాక్సు మూత విప్పాడు. వేళ్లు చీరుకుపోయినా ఆపలేదు, ఒక్కసారీ వెనక్కి తిరగలేదు. చివరికి మూత బిగించి, నన్ను ఇంజను స్టార్ట్ చేయమని, స్క్రూడ్రైవర్ కరిచిపట్టి కళ్లు మూశాడు. తెరిచాక ఆ ముఖంలో నవ్వు.

"మంచిగైంది. ఇగ ఫికర్ లేదు, పోనియ్!"

వెనక అరుపు ఆగి చాలాసేపైంది. నేను తిరిగి చూస్తే ఆమె తల్లి నోట్లో కొంగు కుక్కుకుని తల అడ్డంగా ఊపింది.

ఆయనకు ఎలా చెప్పాలో తెలియక గేరు వేశాను. వెన్నలా పడింది.