బచేలిలో ఎడమ చెంప

గని భద్రత మీద మా స్టూడియో తీస్తున్న యానిమేషన్ చిత్రంలో ముసలి కార్మికుడి ముఖం నా బాధ్యత. చర్మం కింద ఒక్కో కండరాన్నీ కంప్యూటర్లో కట్టి, లాగితే నవ్వేలా చేశాను. నవ్వాడు. చూసినవాళ్లు జడుసుకున్నారు. "అసలు గని కార్మికుణ్ణి ఎప్పుడైనా చూశావా?" అన్నాడు మా డైరెక్టరు. చూడలేదు. వారంలో సరిచేయకపోతే ఆ పని ఇంకొకరికి పోతుంది.

అందుకని ఇనుప గనులున్న బచేలికి వెళ్లడానికి విశాఖలో ఉదయం ఏడు కాకముందే కిరండూల్ పాసింజరు ఎక్కాను. సొరంగాలు లెక్కపెడుతూ పదహారో దాని దగ్గర నిద్రపోయాను. మధ్యాహ్నం కోరాపుట్‌లో లేచి చల్లారిన గారెలు తిన్నాను. ఎదుటి సీట్లో ఉన్న దంతెవాడ టీచరమ్మ నా పని విని, "ముఖాల కోసం ఇంత దూరమా? వైజాగ్‌లో లేవా?" అంది. గని కార్మికుడి ముఖమే కావాలని చెప్తుండగా జగదల్‌పూర్ వచ్చింది. చీకటి పడ్డాక బచేలిలో దిగి, స్టేషన్ దగ్గరి లాడ్జిలో పడుకున్నాను.

మర్నాడు తొమ్మిదింటికి, ఒక మిత్రుడు చెప్పిన అప్పలస్వామిగారి ఇంటికి వెళ్లాను. శ్రీకాకుళం నుంచి వచ్చి, బైలడీలా కొండ మీది గనిలో ముప్పయ్యేళ్లు ఖనిజం మోసే డంపర్ నడిపి రిటైరైన మనిషి. కండరాల కదలిక కంప్యూటర్‌కి అందేలా ఆయన ముఖం నిండా తెల్ల చుక్కలు అంటించి, కెమెరా ముందు కూర్చోబెట్టి, నవ్వమన్నాను. ఎడమ చెంప చుక్కలు కదల్లేదు. కెమెరా పట్టుకోవడం లేదనుకుని, పీకి కొత్తవి అంటించాను. మూడుసార్లు.

ఆయన భార్య పార్వతమ్మగారు టీ తెచ్చి, "ఆ పక్క కదల్దు బాబూ. పచ్చవాతమొచ్చి రెండేళ్లయింది" అన్నారు.

గంటసేపు ఆ ముఖాన్నే చూస్తున్న నిపుణుణ్ణి నేను. టీ గ్లాసులోకి తప్ప ఎటు చూడాలో తెలియలేదు.

ఆయనే నన్ను ఆదుకున్నారు. "నీ కంప్యూటర్లో ఆ పక్క నవ్వించగలవేటి? మా మనవరాలు నా నిండు నవ్వు చూడ్నేదు."

తెర మీది ఆయన ముఖంలో కుడి చెంప కదలికనే తిప్పి ఎడమ వైపు పెట్టాను. సాయంత్రానికి చూపిస్తే పార్వతమ్మగారు, "ఈయనెవులు?" అన్నారు. "మునుపు కూడా రెండు పక్కలా ఒక్కపాలి నవ్వీవోరు కాదు. కుడి పక్క ముందు. ఎడమది తరవాత, ఇష్టం నేకుండా వచ్చినట్టు."

తెర మీద ఎడమ చెంప మీట జరిపాను.

"ఎక్కువైపోనాది."

తగ్గించాను.

"ఇంకా నెమ్మదిగా రావాల."

ఆలస్యం పెంచాను. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. అప్పలస్వామిగారు తెర వైపు చూడలేదు. ఆవిడ ముఖమే చూస్తూ కూర్చున్నారు.

మర్నాడు పొద్దున్నే తిరుగు పాసింజరు. బైలడీలా కొండ ఎలా ఉంటుందని నన్నడక్కండి. దాని కిందే ఉండి తలెత్తి చూడలేదు. రైల్లో నా ముసలి కార్మికుడి కండరాలు ఎడమా కుడీ ఒకేసారి కదలకుండా వాటి ముడి విప్పుతూ కూర్చున్నాను. జగదల్‌పూర్ దాటాక అతను నవ్వాడు.

పక్క సీటాయన తొంగిచూసి, "మీకు తెలిసినాయనా?" అని అడిగాడు.

అవునన్నాను.