తారు రోడ్డు మీద ఉలవలు

మా ఊళ్లో ఉలవలు నూర్చడానికి వేరే కళ్లం లేదు. గిద్దలూరు పోయే తారు రోడ్డే మా కళ్లం. చలికాలంలో ఉలవ చెట్లు పీకి, ఎండబెట్టి, రోడ్డుకు ఒక పక్కన పరిచి చుట్టూ రాళ్లు పెడతాం. బస్సులూ లారీలూ తొక్కుకుంటూ పోతే కాయలు చిట్లి గింజలు రాలతాయి. బండి దాటగానే రోడ్డు మీదకు దిగి చెట్లను తిరగేయాలి, ఇంకోటి వచ్చేలోగా పక్కకు తప్పుకోవాలి. మోటారు సైకిళ్ల వాళ్లు జారతామని తిట్టుకుంటూ పోతారు. వాళ్ల తిట్లలో న్యాయముంది. అయినా పరుస్తాం.

మా అత్త ఈ పనిలో ఆరితేరిన మనిషి. బండి ఆమెను దాటడం, ఆమె కాలు రోడ్డు మీద పడడం ఒకేసారి జరిగేవి. నేను కోడలిగా వచ్చిన కొత్తలో బెదురుతూ నిలబడితే, "ఏందే, లారీకి మొక్కుకుంటాండావా?" అని ఎగతాళి చేసేది. నా నోరూ తక్కువది కాదు గనక మా ఇద్దరికీ బాగానే కుదిరింది.

పోయిన చలికాలం తుపానుకు వాగు పొంగి, మా ఊరి దగ్గర రోడ్డంతా బురద మేట వేసింది. దాన్ని తోసేయడానికి, ముందువైపు పెద్ద బ్లేడు ఉన్న బండి ఒకటి వచ్చింది. అది ముందుకు పోయి మట్టిని పక్కకు నెడుతుంది, వెనక్కి వస్తుంది, మళ్లీ ముందుకు పోతుంది. పొలమూ చిత్తడే, వాకిలీ చిత్తడే. పీకిన ఉలవ చెట్లేమో తడిసి బూజు పట్టేలా ఉన్నాయి. బండి శుభ్రం చేసిన రోడ్డు ముక్క ఒక్కటే ఆరి ఉంది. అత్త అక్కడే పరిచింది.

"అత్తా, ఆ బండి పని అయిందాకన్నా ఆగు," అన్నాను.

"ఆగితే మొలకలొస్తాయి. అదీ బండే గదా, తొక్కనీ. మనకే మేలు."

మర్నాడు పొద్దున మంచు బాగా పట్టింది. నేను రోడ్డు వంపు దగ్గర రాళ్లు సర్దుతున్నాను. బండి అత్తను దాటి నా వైపు వచ్చింది. అది దాటగానే ఆమె ఎప్పటిలాగే దిగి, అటు తిరిగి వంగి చెట్లను తిరగేయసాగింది. మా లెక్కలో దాటిపోయిన బండి పోయినట్టే. బస్సు గానీ లారీ గానీ ఏనాడూ మా మీదకు వెనక్కి రాలేదు.

బండి ఆగి వెనక్కి కదిలింది. వెనక్కి వస్తున్నానని కూత పెడుతూనే ఉంది. కానీ ముందురోజంతా వినీ వినీ ఆ కూతను ఆమె చెవి ఎప్పుడో వదిలేసింది.

"అత్తా, తప్పుకో" అని గొంతు చిరిగేలా అరిచాను. ఇంజను రొదలో నా అరుపు నాకే వినపడలేదు. డ్రైవరుకు చేతులూపాను. అతను మెడ తిప్పి వెనక్కి చూస్తున్నాడు, నన్నెట్లా చూస్తాడు? పరుగెత్తబోతే కాళ్లు బురదలో దిగబడ్డాయి. వంపులోంచి ఆమె వంగిన వీపు మంచులో కనపడుతూనే ఉంది. చూడడం తప్ప నా చేతిలో ఏమీ లేకపోయింది. అంత చేతకాని బతుకు పగవాళ్లకు కూడా వద్దు.

చక్రం ఆమె కుడి పాదం మీద ఎక్కింది. డ్రైవరు దిగి వచ్చి చూసి, రోడ్డు మీదే కూలబడి ఏడ్చాడు. "వంగుంటే అవ్వ నాకు కనపడలేదక్కా," అన్నాడు. అత్త ప్రాణం దక్కింది. పాదం తీసేశారు.

ఈ ఏడూ ఉలవలు పండాయి. ఈసారీ రోడ్డు మీదే పరిచాం. తిరగేసేది నేను. అత్త రోడ్డు పక్కన కుర్చీలో కూర్చుంటుంది. బండి దాటాక ఆగి, అది నిజంగా పోయిందని చూసుకునే దిగుతాను. అయినా నేను దిగిన ప్రతిసారీ ఆమె లేవబోయి, లేవలేక, చేతులూపుతూ ఏదో అరుస్తుంది. లారీల రొదలో మాట వినపడదు, నోరు కదలడమే కనపడుతుంది.

"ఏందత్తా, ఊరికే అట్ల అరుస్తావు?" అని మొన్న అడిగాను.

"తప్పుకోమని చెప్తాండా," అంది. కాసేపు తన కాలి వైపు చూసుకుంది. "ఆ పొద్దు నువ్వూ ఇట్ల ఒక్క అరుపు అరిచింటే నేను తప్పుకునేదాన్నే గదే."