జరిగే కొక్కెం

జహీరాబాద్ బస్టాండులో హైదరాబాద్ బస్సు కోసం చూస్తూ, ఒళ్లో రెండు స్టీలు కొక్కేలు పెట్టుకుని కూర్చున్నాను. ఆదివారం హుస్సేన్‌సాగర్‌లో, స్నేహితురాలితో కలిసి నా మొదటి తెరచాప పడవ పందెం. చాపను పక్కకు చాచి పట్టే కర్రను పడవ స్తంభానికి తగిలించే కొక్కెం ఇంకా తేల్చుకోలేదు. ఒకటి కదలకుండా బిగించేది, తేలిక. ఇంకొకటి స్తంభానికి బిగించిన పట్టీ మీద పైకీ కిందికీ జరిగేది, బరువు. మనసు తేలికదాని వైపే లాగుతోంది.

పక్కన, పదును పెట్టించిన నాగలి కర్రును గోనెసంచిలో చుట్టుకున్న పెద్దాయన ఇదంతా నాతో చెప్పించుకున్నాడు. జరిగే కొక్కేన్ని వేలితో కదిపి చూశాడు.

"నల్లరేగడిల దున్నినట్టే ఎర్రచెల్కల దున్నుతమా బిడ్డా? భూమిని బట్టి నాగలిని జర ఎత్తుతం, దించుతం. మరి నీ గాలి రోజూ ఒక్క తీరుగనే ఉంటదా?"

తేలిక కొక్కేన్ని తీసి సంచిలో పడేశాను. ఇంకేదో అడిగేలోపే కోహీర్ బస్సు వచ్చింది, ఆయన ఎక్కేశాడు.

ఆదివారం పందెం మధ్యలో గాలి తగ్గి, ముందున్న పడవల చాపలు వాలిపోయాయి. నేను కొక్కేన్ని జానెడు దించాను. మా చాప గుప్పున నిండింది. ఒక్కొక్క పడవనే దాటుతుంటే స్నేహితురాలు వెనక చుక్కాని దగ్గర్నుంచి అరిచింది.

"ఎవరు నేర్పిన్రే నీకు?"

"కోహీర్ బస్సెక్కి పోయిండు," అన్నాను.