మిరప కల్లంలో బొమ్మ వేసిన సాయంత్రం

నా చిన్నప్పుడు సినిమా దగ్గరికి మేము వెళ్ళటమే గానీ, సినిమా మా ఊరికి వచ్చిన రోజు ఒకే ఒక్కటి. బొమ్మ చూడాలంటే బండి కట్టుకుని గుంటూరు దాకా పోవాలి. అలాంటిది, సర్కారు జీపొకటి ఊళ్ళు తిరుగుతూ తెర కట్టి ఊరికే బొమ్మ వేస్తోందనీ, శనివారం మా ఊరి వంతనీ దండోరా వేశారు. నేను వీధి ఆ చివర నుంచి ఈ చివరకి పరుగెత్తి, అప్పటికే విన్నవాళ్ళకి కూడా మళ్ళీ చెప్పాను. ఆ వారమంతా బళ్ళో పంతులుగారు ఏం చెప్పారో ఒక్క ముక్క గుర్తుంటే ఒట్టు.

అయితే మా ఇంట్లో ఆ వారం సంబరం నా ఒక్కదానికే. ఆదివారం నాడు మా పిన్ని పుట్టింటికి వెళ్ళిపోతోంది. పండక్కో పురిటికో కాదు. వాళ్ళ అన్న బండి తీసుకుని వస్తానని కబురు పెట్టాడు. పిల్లాణ్ణి తీసుకుని వెళ్తున్నాననీ, మళ్ళీ రాననీ పిన్ని మా నాయనమ్మతో వంటింట్లో చెప్తుంటే నేను పక్కనే ఉన్నాను. నా జడ వేసేదీ, రాత్రి కథలు చెప్పేదీ పిన్నే. ఆమె వెళ్ళిపోతే ఎలాగా అని ఆ రోజంతా ఆమె కొంగు పట్టుకునే తిరిగాను.

కారణం మా బాబాయి తాగుడు. పగలంతా మా బాబాయంత మంచివాడు ఊళ్ళో లేడు. నన్ను భుజాన ఎక్కించుకుని చేలోకి తీసుకుపోయేవాడు, పాటలు పాడేవాడు. పొద్దుగూకి సారా కొట్టు దాకా వెళ్ళొస్తే మటుకు మనిషి మారిపోయేవాడు. కొట్టేవాడు కాదు. అన్నం కుండ తన్నేవాడు, తలుపులు విరిగేలా మూసేవాడు, పిన్నిని నోటికి వచ్చినట్టు అనేవాడు. మూడేళ్ళు కూడా నిండని వాళ్ళ పిల్లాడు వాకిట్లో తండ్రి చెప్పుల చప్పుడు వినపడితే చాలు, మంచం కిందకి పాకేవాడు. తెల్లారి బాబాయి ఎత్తుకోబోయినా రావటం మానేశాడు. నాయనమ్మ తిట్టింది, నాన్న అలిగాడు, పెద్దమనుషులు చెప్పారు. అందరికీ ఊఁ కొట్టి, సాయంత్రానికి బాబాయి మళ్ళీ సారా కొట్టులోనే తేలేవాడు.

పిన్ని వెళ్ళిపోతానంటే నాయనమ్మ వద్దనలేదు. శనివారం సాయంత్రం సినిమాకి మాత్రం అందరం వెళ్దామంది. ఆ బొమ్మ ఆవిడ అంతకు ముందే పక్కూళ్ళో చెల్లెలింటికి వెళ్ళినప్పుడు చూసొచ్చింది. తాగుడు వల్ల ఒక కాపురం ఎలా చెడిందో చూపించే కథ.

జీపువాళ్ళు బడి ముందు తెర కడతామన్నారు. మా నాయనమ్మ కొంగు బిగించి వెళ్ళింది. ఆవిడ మాట్లాడితే నాలుగు వీధులకి వినపడేది.

"బడి ముందంతా రాళ్ళండీ బాబూ, పిల్లలెక్కడ కూర్చుంటారు? మా కల్లం అలికి అద్దంలా పెట్టా. అక్కడ కట్టండి."

"కల్లంలో మిరపకాయలు ఆరబోశారు కదమ్మా?" అన్నాడు జీపాయన.

"పక్కకి తోయిస్తా. మీ తెరకి అడ్డమా, ఏవన్నానా?"

ఆవిడతో గెలిచినవాళ్ళు ఎవరూ లేరు. మధ్యాహ్నానికల్లా కూలీలు కాయంతా ఒక మూలకి పోగు చేసి పట్టాలు కప్పారు. రంగు వెలిసిన తాలుకాయ ఏరిన ఆడవాళ్ళే కల్లం ఊడ్చారు. ఊడ్చిన తుక్కు, అంటే విరిగిన కాయలూ గింజలూ దుమ్మూ, ఒక పక్కన కుప్ప పెట్టించింది నాయనమ్మ. పారబోయమని మాత్రం చెప్పలేదు.

చీకటి పడుతూనే జీపులో మిషను బుర్రుమంది, గుడ్డ మీద వెలుగు పడింది. అబ్బ, ఆ కేకలు! ముసలీ ముతకా, చంటిపిల్లల తల్లులూ, సారా కొట్టులో కూర్చునే మగాళ్ళూ అంతా వచ్చారు. ఆ సాయంత్రం తాగకుండా వచ్చి నన్ను పక్కన కూర్చోబెట్టుకోవాలని పేచీ పెట్టి బాబాయిని నేనే లాక్కొచ్చాను. అలా పేచీ పెట్టమని నాయనమ్మే నేర్పిందని చెప్పనక్కర్లేదనుకుంటాను. పిన్ని ఆడవాళ్ళ వైపు పిల్లాడితో కూర్చుంది.

బొమ్మలో పెళ్ళయింది, పాటయింది, అందరం చప్పట్లు కొట్టాం. తర్వాత ఆ పెళ్ళికొడుకు తాగటం మొదలుపెట్టాడు. ఇల్లు చితికింది. ఒకరోజు అతను తూలుతూ ఇంటికొస్తాడు. గడపలో అతని అడుగు వినపడగానే అతని కూతురు గాదె చాటుకి పోయి రెండు చెవులూ మూసుకుంటుంది. అది చూడగానే బాబాయి వైపు తిరిగాను. ఆయన రెప్ప వేయటం లేదు. వెనకాల మగాళ్ళలో ఎవడో కిసుక్కుమన్నాడు, ఇంకొకడు ఈలవేయబోయాడు.

సరిగ్గా అప్పుడు మా నాయనమ్మ లేచింది. చేటనిండా ఆ మిరప తుక్కు ఎత్తుకుని చెరగటం మొదలుపెట్టింది!

ఒక్కసారిగా దగ్గులు, తుమ్ములు! "ఓ పెద్దమ్మా, నీకేం పోయేకాలం? ఇప్పుడా చెరగటం!" అని అరిచారు. "రేపు కూలీలు దొరకరు నాయనా, మీరు చూడండి, నేను చెరుక్కుంటా" అంటూ ఆవిడ చెరుగుతూనే ఉంది. నవ్వినవాడి కళ్ళలోంచి నీళ్ళు కారిపోయాయి. కల్లం కల్లమంతా కండువాలతో కళ్ళు తుడుచుకుంది. అదేం చిత్రమో గానీ, ఘాటు ఆగాక కూడా చాలామంది తుడుచుకుంటూనే ఉన్నారు.

మా బాబాయి అయితే ముఖం రెండు చేతుల్లో దాచుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. నాకు ఆశ్చర్యమేమిటంటే, గాలి మా వైపు నుంచి నాయనమ్మ వైపుకి పోతోంది. నాకు ఒక్క తుమ్మయినా రాలేదు. బొమ్మ అయిపోయాక నాయనమ్మ చెయ్యి పట్టుకుని ఆ మాటే అడిగేశాను.

"మాకు ఘాటు రాలేదు కదే, బాబాయెందుకు ఏడ్చాడు?"

"నీకు రాలేదు, వాడికొచ్చింది. నోరు మూసుకుని నడువ్."

ఇల్లు చేరాక పిన్ని పిల్లాణ్ణి దించింది. వెనకే బాబాయి చెప్పుల చప్పుడు విని వాడు మంచం కిందకి పోయాడు. బాబాయి గుమ్మంలోనే చెప్పులు విడిచి, నిలబడిపోయాడు.

"నువ్వెళ్ళొద్దు," అన్నాడు పిన్నితో. మా అందరి ముందూ అన్నాడు.

పిన్ని మంచం వైపు చూపించి, "నన్నడగటం కాదండీ. వాణ్ణి అడగండి," అంది.

బాబాయి నేల మీద చతికిలబడ్డాడు. చెయ్యి చాపి లాగలేదు, బుజ్జగించలేదు. ఊరికే అక్కడ కూర్చున్నాడు. మేమంతా అన్నాలు తిన్నాం, ఆయన కదల్లేదు. చివరికి వాడికే ఆకలేసి బయటికొచ్చి, బాబాయిని తప్పించుకుని అవతల నుంచి వెళ్ళి పిన్ని ఒళ్ళో కూర్చున్నాడు. దగ్గరికి రాలేదు. అయినా కళ్ళెత్తి తండ్రిని చూశాడు. ఆ చూపుకే బాబాయి మళ్ళీ ఏడ్చాడు. ఆ ఏడుపుకి ఏ మిరపకాయా లేదు.

మర్నాడు పిన్ని వాళ్ళ అన్న తెచ్చిన బండి మా ఇంట్లో భోజనం దాకా ఆగి, ఖాళీగా తిరిగి వెళ్ళింది. ఆ తర్వాత బాబాయి మళ్ళీ ముట్టలేదని చెప్తే అబద్ధం. మధ్యలో జారాడు, పిన్ని ఒకసారి నిజంగానే వెళ్ళొచ్చింది కూడా. కానీ ఆ కల్లంలో మొదలైంది మాత్రం చివరికి నిలబడింది.

పెద్దయ్యాక నాయనమ్మని అడిగాను, ఎందుకలా చేశావని. పక్కూళ్ళో ఆ ఏడుపొచ్చే చోటే మగాళ్ళంతా నవ్వి, బీడీలు ముట్టించి, లేచి కొట్టుకి పోయారట. "నలుగురిలో ఏడవటానికి సిగ్గే వాళ్ళకి. సిగ్గుతో నవ్వేసినవాడు ఇంటికెళ్ళి ఏం మారతాడు? ఏదో ఒక సాకు చూపిస్తే ఏడుస్తాడు" అంది.

నాకిప్పుడు మనవలున్నారు. మొన్న మా పెద్దబ్బాయి ఊరికి వచ్చి, ఎందుకో మాటల మధ్యలో కళ్ళల్లో నీళ్ళు తిరిగి తల దించుకున్నాడు. ఏమైందిరా అని అడగాలని నాలిక చివరిదాకా వచ్చింది. అడగలేదు. పొయ్యి మీద పాలున్నాయని లేచాను. పాలు లేవు, పొయ్యీ వెలిగించలేదు. వంటింట్లో ఊరికే గిన్నెలు సర్దుతూ నిలబడ్డాను. కాసేపటికి వాడే లోపలికి వచ్చి, గోడకానుకుని, "అమ్మా, నీతో ఒక సంగతి చెప్పాలి" అన్నాడు.